కనిపించని లోకాల వాళ్లను మనసులో గీసుకోవడం ఎలా?

ఒక్కసారి కళ్లు మూసుకుని ‘ప్రేతం’ అనుకోండి. చాలామందికి తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, వెనక్కి తిరిగిన పాదాలు కనిపిస్తాయి. ‘అసురుడు’ అనుకుంటే కొమ్ములు, కోరమీసం, ఇల్లు అదిరే నవ్వు. ‘దేవత’ అంటే కిరీటం, కాళ్ల కింద పొగ. చిన్నప్పటి నుంచి పౌరాణిక సినిమాల్లో, అమ్మమ్మలు చెప్పిన దెయ్యం కథల్లో చూసినవాళ్లే వీళ్లంతా. ఈ బొమ్మలు పట్టుకుని బౌద్ధ గ్రంథాల్లోని లోకాలకు వెళ్తే అక్కడ మనకు ఒక్కరూ దొరకరు. పేర్లు అవే అయినా మనుషులు వేరు.

ఈ లోకాలను ఊహించుకోవడం కాలక్షేపం కోసం పుట్టిన పని కాదు. దివ్యావదానం అనే సంస్కృత బౌద్ధ కథల సంపుటిలో ఒక కథ ఉంది. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు తన ఋద్ధిబలంతో, అంటే ధ్యానం వల్ల వచ్చిన అతీత శక్తితో, నరకాలు, ప్రేతలోకం, దేవలోకాలు తిరిగి వచ్చి, చూసింది చూసినట్టు జనానికి చెప్పేవాడట. విన్నవాళ్లు దారిలో పడేవారు. మౌద్గల్యాయనుడు అన్నిచోట్లా ఎల్లకాలం ఉండడు కాబట్టి, విహారం ద్వారం దగ్గర అయిదు గతులతో, అంటే ప్రాణులు పుట్టే అయిదు తావులతో, ఒక చక్రం గీయించమనీ, వచ్చినవాళ్లకు దాన్ని వివరించడానికి ఒక భిక్షువును అక్కడ ఉంచమనీ బుద్ధుడు చెప్పాడు. ఇప్పుడు మనం భవచక్రం అంటున్న బొమ్మకు మూలం ఇదే. క్రీస్తుశకం 5వ శతాబ్దంలో చిత్రించిన అలాంటి చక్రం ఒకటి, సగం రాలిపోయి, అజంతా 17వ గుహ వరండాలో ఎడమవైపు ఇప్పటికీ ఉంది. చూసినవాడు దగ్గర లేనప్పుడు గీసుకుని చూడాలన్నది ఆ కథలోని ఏర్పాటు. మనం చేయబోయేదీ అదే.

కావలసినవి రూళ్లు లేని విడి కాగితాలు, పెన్సిలు, రోజుకు ఓ అరగంట. బొమ్మలు గీయడం రాకపోయినా ఫర్వాలేదు. పుల్లల్లాంటి చేతులూ కాళ్లూ గీసినా సరిపోతుంది. కాగితానికి ఒకవైపే గీయండి, మాటలు బొమ్మ కిందే రాయండి. వెనకవైపు మాత్రం ఖాళీగా ఉంచండి. దానితో పని చివర్లో ఉంది.

మొదటి అడుగు: ముందు చోటు, తర్వాత మనిషి

ఎవరినైనా ఊహించుకునే ముందు వాళ్ల ఊరు తెలియాలి. కాగితం మధ్యలో ఒక చతురస్రం గీయండి. అది సుమేరువు. దాని చుట్టూ ఏడు కొండల వరుసలు, ఒక్కో వరుసకీ మధ్య ఒక్కో సముద్రం. వరుస మారేకొద్దీ కొండ ఎత్తు సగానికి సగం తగ్గుతుంది. వాటి అవతల ఉప్పు సముద్రం, అందులో నాలుగు దిక్కులా నాలుగు ద్వీపాలు. అన్నిటికీ అంచున ఇనపకొండ ఉంటుంది, దాని పేరు చక్రవాళం. మనం ఉన్నది దక్షిణాన, జంబూద్వీపంలో.

బౌద్ధ ఆచార్యుడు వసుబంధుడు అభిధర్మకోశం అనే తన గ్రంథంలో ఇచ్చిన వివరాలు బొమ్మ గీసేవాడికి ఎంతో సాయం చేస్తాయి. సుమేరువు నీటి పైకి 80,000 యోజనాలు, నీటి కిందకీ అంతే. నాలుగు ముఖాలూ నాలుగు రకాలు: ఉత్తరం బంగారం, తూర్పు వెండి, దక్షిణం వైడూర్యం, పడమర స్ఫటికం. మన ఆకాశం నీలంగా ఉండటానికి కారణం మనవైపున్న ఆ వైడూర్యపు ముఖం రంగేనని ఆయన అంటాడు. ఈ ముక్క చదివిన రోజు మధ్యాహ్నం నేను డాబా ఎక్కి చాలాసేపు ఆకాశం కేసి చూస్తూ నిలబడిపోయాను. పటం కాగితం మీద నుంచి లేచి నెత్తి మీదికి వచ్చింది.

ద్వీపాల ఆకారాలు కూడా గీయండి. మనది బండి ఆకారం, అంటే ఒకవైపు వెడల్పు, ఒకవైపు ఇరుకు. తూర్పు విదేహం అర్ధచంద్రం, పడమటి గోదానీయం గుండ్రం, ఉత్తరకురువు నలుచదరం. ఆ ద్వీపాల మనుషుల ముఖాలు కూడా ద్వీపాల ఆకారంలోనే ఉంటాయట. మొదటి బొమ్మకు ఇంతకంటే సులువైనది దొరకదు: నలుచదరపు ముఖంతో, 32 మూరల ఎత్తుతో, వెయ్యేళ్లు బతికే ఉత్తరకురు మనిషిని గీయండి. చెయ్యి తిరుగుతుంది.

తర్వాత నిలువుగా ఒక గీత గీసి లోకాలను ఒకదాని మీద ఒకటి పేర్చండి. పాలి భాషలోని బౌద్ధ గ్రంథాల సంప్రదాయంలో మొత్తం 31 భూములు, అంటే పుట్టే చోట్లు. కోరికలుండే కామలోకంలో 11: నరకం, పశుపక్ష్యాదులు, ప్రేతలు, అసురులు, మనుషులు, ఆపైన ఆరు దేవలోకాలు. వాటి మీద సూక్ష్మమైన రూపం మాత్రమే ఉండే రూపలోకంలో 16, రూపమే లేని అరూపలోకంలో 4. గోడకు అంటించుకునేలా దీన్ని ఒక పెద్ద కాగితం మీద వేసుకోండి. ఏ బొమ్మ గీస్తున్నా కళ్ల ముందు ఉండాలి.

రెండో అడుగు: ముఖం కంటే ముందు నాలుగు ప్రశ్నలు

బుద్ధుడి ఉపదేశాల సంపుటాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలో గయాశీర్షం కొండ మీద బుద్ధుడు చెప్పిన మాటలు ఉన్నాయి. తాను ఇంకా బోధి పొందకముందు సంగతి అది. మొదట వెలుగు మాత్రమే తెలిసేదట, ఆకారాలు కనిపించేవి కావు. తర్వాత ఆకారాలు కనిపించాయి, మాట్లాడటం కుదరలేదు. తర్వాత మాటలు కలిశాయి. ఆపైన ఒక్కొక్కటిగా తెలుసుకున్నాడు: ఈ దేవతలు ఏ గుంపువాళ్లు, ఏ కర్మ వల్ల అక్కడ పుట్టారు, ఏం తింటారు, ఏ సుఖదుఃఖాలు అనుభవిస్తారు, ఎంత కాలం బతుకుతారు. అన్నిటికంటే చివర, వీళ్లతో నేను ఇదివరకు కలిసి ఉన్నానా లేదా అని.

ఆకారం కనిపించడం అక్కడ రెండో మెట్టే. ఆకారం చూసి ఆగిపోతే ఆ లోకం గురించి దాదాపు ఏమీ తెలియనట్టే. కాబట్టి కాగితం మీద పెన్సిలు పెట్టేముందు ఈ నాలుగింటికి జవాబు రాసుకోండి: ఏ లోకం? ఏం చేసి అక్కడికి చేరారు? ఏం తింటారు? ఎన్నాళ్లు ఉంటారు? జవాబులు వచ్చాక ముఖం దానంతట అదే వస్తుంది. బౌద్ధ కథల్లో శరీరమంటే చేసిన పని తీసుకున్న ఆకారం. ఆ పని పట్టుకోకుండా గీసిన ప్రేతం దిష్టిబొమ్మ అవుతుంది, అంతే.

జావాలోని బోరోబుదూరు స్తూపం అడుగు భాగంలో మూసిపెట్టి ఉన్న 160 శిల్పఫలకాలు ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ. చాలా ఫలకాల్లో ఒక పక్క చేసిన పని, ఇంకో పక్క దాని ఫలం, రెండూ ఒకే రాతి మీద కనిపిస్తాయి. మీ కాగితాన్ని కూడా మధ్యలో మడిచి ఒక సగంలో పని, ఇంకో సగంలో శరీరం గీయవచ్చు. నేను మొదటి ఏడాది అంతా అలాగే గీశాను.

మూడో అడుగు: ప్రేతలతో మొదలుపెట్టండి

దేవతలతో మొదలుపెడితే తేలిగ్గా ఉంటుందనిపిస్తుంది. నా అనుభవంలో అది తప్పు. దేవతలను ఊహించడానికి మనకు లేని సుఖం కావాలి. ప్రేతలను ఊహించడానికి ఆకలి చాలు, అది అందరికీ తెలుసు.

తెలుగులో ప్రేతమంటే శవం, లేదా భయపెట్టే దెయ్యం. ఆ రెండు అర్థాలనూ పక్కన పెట్టండి. బౌద్ధ ప్రేతం ఎవరినీ భయపెట్టదు, అడుక్కుంటుంది. ప్రేతల కథలున్న పాలి గ్రంథం పేతవత్థులో వాళ్లను పలకరించేటప్పుడు వచ్చే మాటలు ఇవి: ‘నగ్గా దుబ్బణ్ణరూపాసి, కిసా ధమనిసంథతా’. ఒంటి మీద బట్ట లేదు, రంగు చెడింది, చిక్కి శల్యమై నరాలు తేలి ఉన్నాయి. ఆ వెంటనే పక్కటెముకలు పైకి పొడుచుకొచ్చాయని కూడా ఉంటుంది. అవదానాలనే సంస్కృత బౌద్ధ కథల్లో ఇంకొంచెం చేరుస్తారు: కాలిపోయిన మోడు లాంటి ఒళ్లు, కొండంత పొట్ట, సూదిబెజ్జమంత నోరు. గీసేటప్పుడు పొట్టకీ నోటికీ ఉన్న ఆ తేడాయే బొమ్మ. మిగతావి తప్పినా ఫర్వాలేదు గానీ ఆ నిష్పత్తి తప్పకూడదు.

ఎక్కడ నిలబెట్టాలి? చనిపోయిన బంధువుల గురించిన తిరోకుడ్డ సుత్తం మొదటి మాటే చెబుతుంది: ‘తిరోకుడ్డేసు తిట్ఠంతి’. గోడల అవతల నిలబడతారు. వీధుల కూడళ్లలో, తలుపు దర్వాజాల పక్కన, ఒకప్పుడు తమదైన ఇంటికే వచ్చి నిలబడతారు. లోపల విస్తళ్లు నిండా వడ్డన జరుగుతూ ఉంటుంది, వీళ్లు ఎవరికీ గుర్తుకు రారు. అందుకే ప్రేతాన్ని శ్మశానంలో గీయకండి. మీ ఇంటి ప్రహరీ బయట గీయండి. 12వ శతాబ్దం చివర్లో జపాన్‌లో గీసిన ప్రేతాల చిత్రపటాల్లో కూడా జనం మధ్య, వీధిలో, ఎవరికీ కనిపించకుండా వంగి తిరిగే ప్రేతలే ఉంటారు.

దీనికి నేను చేసే అభ్యాసం ఒకటి చెబుతాను. ఒక పౌర్ణమి రోజు ఉపోసథం పాటించాను, అంటే మధ్యాహ్నం తర్వాత భోజనం లేదు. సాయంత్రం ఏడున్నరకి మా అపార్ట్‌మెంటు మెట్ల మీద ఉండగా కరెంటు పోయింది. చీకట్లో నిలబడ్డాను. రెండో అంతస్తులో ఎవరో పప్పుకి ఇంగువ తాలింపు పెట్టారు. ఆవాలు చిటపటమన్న చప్పుడు, ఆ వెంటనే వాసన. తలుపు కింద సందులోంచి కొవ్వొత్తి వెలుతురు గీతలా పడుతోంది, లోపల పళ్లెం గచ్చు మీద పెట్టిన చప్పుడు. తలుపు కొట్టే హక్కు నాకు లేదు. ఆ రెండు నిమిషాల్లో నాకు తిరోకుడ్డ సుత్తం అర్థమైనంతగా అంతకుముందు చదివిన వ్యాఖ్యానాల్లో అర్థం కాలేదు. మీరు కూడా ఒకపూట మానేసి, వంటయ్యే వేళకి సొంత ఇంటి బయట, కిటికీ కింద నిలబడి చూడండి. అయిదు నిమిషాలు చాలు. వచ్చి వెంటనే గీయండి. ఒంట్లో బాగాలేనివాళ్లు, షుగరు ఉన్నవాళ్లు పూట మానకండి. అన్నం తినే ముందు అయిదు నిమిషాలు బయట నిలబడినా సరిపోతుంది.

తర్వాత ఒక్కొక్కరినీ వాళ్ల పనితో సహా గీయండి. పేతవత్థులో నాకు అన్నిటికంటే లోతుగా తగిలేది రెండో కథలో వస్తుంది. నారదుడనే థేరుడికి, అంటే పెద్ద భిక్షువుకి, ఒక ప్రేతం ఎదురవుతాడు. ‘కాయో తే సబ్బసోవణ్ణో’, ఒళ్లంతా బంగారం, దాని కాంతికి దిక్కులన్నీ వెలుగుతున్నాయి. మూతి మాత్రం పందిది. ఏం చేశావు నువ్వు అని అడిగితే జవాబు ఒక్క ముక్క: శరీరాన్ని అదుపులో పెట్టుకున్నాను, నోటిని పెట్టుకోలేదు. ఈ బొమ్మను భయంకరంగా గీస్తే పాడైపోతుంది. ముందు శరీరాన్ని వీలైనంత అందంగా గీయండి, మీకు తెలిసిన మంచి మనిషి ఒకరిని తలచుకుని భుజాలు, చేతులు వేయండి. ఆ మెడ మీద మూతి పెట్టేటప్పుడు చెయ్యి ఆగుతుంది. ఆగిన ఆ చోటే ఈ బొమ్మకు ప్రాణం.

ఇంకొకడు వేటగాడు. లేళ్లను చంపి బతికేవాడు. స్నేహితుడు పదేపదే చెప్పగా చెప్పగా రాత్రిపూట మాత్రం చంపడం మానేశాడు. చనిపోయాక రాత్రంతా దేవతలా భోగం, తెల్లవారితే కుక్కలు పీక్కుతింటాయి. దీన్ని రెండు బొమ్మలుగా విడదీయకుండా ఒకే బొమ్మలో తెల్లవారుజామున గీసి చూడండి. వాడు తూర్పు వైపు చూస్తూ ఉంటాడు.

ప్రేతలు ఏం తింటారన్న ప్రశ్నకు జవాబు తిరోకుడ్డంలోనే ఉంది. అక్కడ సేద్యం లేదు, పశువుల పెంపకం లేదు, వ్యాపారం లేదు, బంగారం ఇచ్చి కొనుక్కోవడం లేదు. ఇక్కడి నుంచి బంధువులు ఇచ్చిందే వాళ్లకు బతుకు. ఎత్తున కురిసిన నీరు పల్లానికి చేరినట్టు ఇక్కడ చేసిన దానం అక్కడికి చేరుతుందని అందులోనే ఉంది. నీరు పల్లమెరుగు అని మనమూ అంటాం కదా. అందుకని ప్రేతం బొమ్మ పూర్తయ్యాక కాగితం అలాగే వదిలేసి లేవకండి. ‘ఇదం మే ఞాతీనం హోతు, సుఖితా హోంతు ఞాతయో’ అని ఒకసారి అనండి. ఇది మా బంధువులకు చేరుగాక, వాళ్లు సుఖపడుదురు గాక అని అర్థం. ఆ రోజు ఎవరికైనా ఒక పూట భోజనం పెట్టగలిగితే ఇంకా మంచిది.

నాలుగో అడుగు: దేవతలు, కొలతలతో

దేవతల దగ్గర మన ఊహ మెత్తబడిపోతుంది. మబ్బులు, మెరుపులు, చిరునవ్వులు తప్ప ఏమీ రావు. దానికి మందు అంకెలు. అభిధర్మకోశం లెక్క ప్రకారం నాలుగు మూరలు ఒక ధనువు, 500 ధనువులు ఒక క్రోశం. మనం పూలు కొనే ఆ మూరే. అన్నిటికంటే కింది దేవలోకంలోని చాతుర్మహారాజిక దేవతల ఎత్తు పావు క్రోశం, అంటే 500 మూరలు. వాళ్ల పైన, ఇంద్రుడి లోకంలోని త్రయస్త్రింశ దేవతలు అర క్రోశం, 1,000 మూరలు. మూరకు అడుగున్నర వేసుకుంటే 1,500 అడుగులు. నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. ఆ గోడ పక్కన ఇంద్రుడి కొలువులోని మామూలు దేవత నిలబడితే, గోడ సుమారు మోకాలి దాకా వస్తుంది. ఒక కాగితం మీద ఆనకట్టను వేలెడంత గీసి, దాని పక్కన ఆ కాళ్లు గీయండి. ముఖం కాగితంలో పట్టదు. పట్టకపోవడమే సరైన కొలత.

ఇక కాలం. త్రయస్త్రింశంలో ఒక పగలూ రాత్రీ మనకు వందేళ్లు. అలాంటి వెయ్యేళ్లు అక్కడి ఆయుష్షు, మన లెక్కలో 3 కోట్ల 60 లక్షల సంవత్సరాలు. అంకె చెబితే మనసుకు ఏమీ అనిపించదు, కథ చెబితే అనిపిస్తుంది. ధమ్మపదం అట్ఠకథలో, అంటే వ్యాఖ్యానంలో, పతిపూజిక అనే ఆవిడ ఉంది. దేవలోకంలో తోటలో కొమ్మ మీద కూర్చుని పూలు కోస్తూ చనిపోయింది. శ్రావస్తిలో ఆడపిల్లగా పుట్టింది, పదహారేళ్లకు పెళ్లయింది, నలుగురు కొడుకులను కన్నది, దానధర్మాలు చేసింది, పోయింది. తిరిగి దేవలోకంలోనే పుట్టి అక్కడి భర్త దగ్గరికి వెళ్తే, ‘పొద్దుటి నుంచి కనిపించలేదు, ఎక్కడికి వెళ్లావు?’ అని అడిగాడు. తోటలో పూలు కోయడం ఇంకా అయిపోలేదు. దేవతను గీసేటప్పుడు ఈ పూలబుట్టను గుర్తుపెట్టుకోండి. బుట్ట సగం నిండింది, కింద మన ఊళ్లో ఒక జీవితం మొత్తం అయిపోయింది.

వివరాలకు మన భాషే సాయం. దేవతలకు తెలుగులో అనిమిషులని పేరు, రెప్ప వేయనివాళ్లు. నలదమయంతుల కథలో దమయంతి దేవతలను గుర్తుపట్టింది ఎలా? చెమట లేదు, రెప్ప పడదు, దండ వాడదు, పాదాలు నేలను తాకవు. అది మహాభారతంలోది, బౌద్ధులది కాదు. కానీ ఆ గుర్తుల్లో కొన్నిటిని తలకిందులు చేసిన జాబితా బౌద్ధుల దగ్గర ఉంది. దేవతకు చావు దగ్గరపడినప్పుడు అయిదు గుర్తులు కనిపిస్తాయని ఇతివుత్తకం అనే పాలి గ్రంథం చెబుతుంది: పూలదండ వాడుతుంది, బట్ట మాస్తుంది, చంకల్లో చెమట పడుతుంది, ఒంటి రంగు చెడుతుంది, తన ఆసనం మీద తనకే మనసు నిలవదు.

నన్నడిగితే దేవతను గీయవలసింది ఆ క్షణంలోనే. వెలుగు, నగలు, భవనం అన్నీ గీసి, దండలో ఒక్క పూరేకు అంచు గోధుమరంగుకు తిరిగినట్టు వేయండి. దేవత చూపు ఆ రేకు మీద ఉండాలి. రెప్ప వేయని కన్ను కదా, చూడకుండా ఉండలేదు.

నాలుగు దిక్కుల రాజులనూ వాళ్ల జనాన్నీ తొందరగా చెప్పేస్తాను: తూర్పున ధృతరాష్ట్రుడు, గంధర్వులు, దక్షిణాన విరూఢకుడు, కుండపొట్టల కుంభాండులు, పడమర విరూపాక్షుడు, నాగులు, ఉత్తరాన వైశ్రవణుడు, యక్షులు. వీళ్లను ఊహించడానికి కష్టపడనక్కర్లేదు, మన శిల్పులు చెక్కిపెట్టారు. అమరావతి స్తూపం ఫలకాల్లో బరువైన పూలదండను భుజాన మోసే పొట్టి యక్షులు ఉన్నారు. స్తూపానికి చుట్టుకుని పడగ విప్పిన నాగులు ఉన్నారు. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోని ఒక గుండ్రటి ఫలకంలో బుద్ధుడి భిక్షాపాత్రను తలపై ఎత్తుకుని దేవతలు గుంపుగా ఆడుతూ దేవలోకానికి తీసుకెళ్తుంటారు. వెళ్లగలిగితే వెళ్లి, ఒక్క ఫలకం ముందు అరగంట కూర్చోండి. ఎగిరే దేవతల మోకాళ్లు ఎలా మడుచుకున్నాయో చూడండి. రెక్కలు లేకుండా ఎగరడం ఎలా గీయాలో ఆ మోకాళ్లు నేర్పుతాయి.

అసురులకు ఒక్క కథ చాలు. దేవాసుర యుద్ధంలో ఒకసారి దేవతలు ఓడి పారిపోతున్నారు. దారిలో బూరుగు చెట్లు, వాటి మీద పక్షిగూళ్లు. రథం పోతే గూళ్లు పడిపోతాయని ఇంద్రుడు సారథి మాతలితో అన్నాడు: మన ప్రాణాలు పోయినా సరే, రథం తిప్పు. రథం వెనక్కి తిరగడం చూసి, మళ్లీ యుద్ధానికి వస్తున్నాడనుకుని అసురులు పారిపోయారు. అసురుడిని గీయాలంటే ఆ పారిపోతున్న ముఖాన్నే గీయండి. బలానికి లోటు లేదు, ఎదుటివాడి మనసులో దయ ఉండవచ్చన్న ఊహే వాడికి రాలేదు. కొమ్ములు అక్కర్లేదు.

అయిదో అడుగు: నరకాల దగ్గర జాగ్రత్త

ఇది పిల్లలతో చేయించకండి. పడుకోబోయే ముందు చేయకండి. మనసు బాగాలేని రోజుల్లో, ఇంట్లో ఎవరైనా ఈమధ్యే పోయి ఉంటే, ఈ అడుగు వదిలేసి తర్వాతిదానికి వెళ్లండి. ఇంకో మాట ముందే గుర్తుంచుకోవాలి: బౌద్ధంలో ఏ నరకమూ శాశ్వతం కాదు. ఎంత పొడుగైనా దానికి ఒక చివర ఉంది.

రక్తం గీయనక్కర్లేదు. పేర్లలోనే బొమ్మ ఉంది. కాలసూత్రం ఒక వేడి నరకం, ఆ పేరుకు అర్థం నల్లదారం. వడ్రంగి దుంగ కోసేముందు మసి పూసిన దారం బిగించి లాగి వదిలితే గీత పడుతుంది కదా, అక్కడ ఒంటి మీద అలా గీతలు వేస్తారు. బొమ్మలో దారం బిగుసుకున్న క్షణం దగ్గరే ఆపండి. చలి నరకాల పేర్లయితే దాదాపు చప్పుళ్లే: అటటం, హహవం, హుహువం. చలికి పళ్లు కొట్టుకుంటూ నోట్లోంచి వచ్చే శబ్దాలు అవి. ఉత్పలం, పద్మం, మహాపద్మం అంటే చర్మం కలువలా, తామరలా పగిలి విచ్చుకోవడం. పూల పేర్లని మోసపోకూడదు. వీటిని గీయడం కంటే, ఆ పేర్లను నెమ్మదిగా పైకి పలికి, ఖాళీ కాగితం మీద వణికే గీత ఒకటి వేయడం మేలు. నా దగ్గర ఉన్న చలి నరకం బొమ్మ ఆ ఒక్క గీతే.

నరకపాలకులను, అంటే అక్కడ శిక్షలు వేసేవాళ్లను, గీయాలా వద్దా అన్నది కూడా ఆలోచించదగ్గదే. వసుబంధుడు వింశతిక అనే ఇంకో పుస్తకంలో, ఆ మంటల వేడి వాళ్లకు తగలదు కాబట్టి వాళ్లు నిజంగా అక్కడ పుట్టిన ప్రాణులు కారని, అక్కడున్నవాళ్ల కర్మ నుంచే ఆ రూపాలు కనిపిస్తాయని వాదించాడు. నేను ఆ వాదం వైపే. అందుకే నా బొమ్మల్లో కొరడా ఉంటుంది, పట్టుకున్న చెయ్యి ఉండదు.

ఆరో అడుగు: గీత తగ్గించుకుంటూ వెళ్లండి

రూపలోకంలోని బ్రహ్మలోకాలకు చేరేసరికి పెన్సిలు తేలికవ్వాలి. దీఘ నికాయంలో సనత్కుమార బ్రహ్మ త్రయస్త్రింశ దేవతల సభకు వస్తాడు. ఆయన సహజరూపం ఆ దేవతల కళ్లకే ఆనదు. అందుకని స్థూలమైన రూపం ఒకటి తీసుకుని, పంచశిఖుడనే కుర్రవాడిలా కనిపిస్తాడు. దేవతలకే ఆనని రూపం మన పెన్సిలుకు ఆనదు. కాబట్టి బ్రహ్మను నాలుగు తలలతో గీయకండి. ఎవరు చూస్తున్నారో వాళ్ల కళ్లకు తట్టుకునేంత రూపమే గీయండి.

దానికీ పైన ఆభాస్వర దేవతలు. అగ్గఞ్ఞ సుత్తం ప్రకారం వాళ్లకు ప్రీతే ఆహారం, వాళ్ల ఒంటికి వాళ్లదే వెలుగు, తిరిగేది ఆకాశంలో. లోకం మళ్లీ మొదలైనప్పుడు నీళ్ల మీద భూమి సారం పరుచుకుంది, కాచిన పాలు చల్లారుతుంటే మీగడ కట్టినట్టు. నెయ్యి రంగు, తేనె రుచి. ఒకడు వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు. మిగతావాళ్లూ మొదలుపెట్టారు. తిన్నకొద్దీ ఒళ్లు బరువెక్కింది, వెలుగు పోయింది, అప్పుడు సూర్యచంద్రులు కనిపించారు. దీనికి అభ్యాసం వంటింట్లోనే ఉంది. పాలు కాచి దించండి. ఆవిరి తగ్గి పైన సన్నటి పొర ముడతపడే దాకా దగ్గర కూర్చుని చూడండి. వేలు పెట్టే ముందు ఆగండి. ఆ వేలును గీయండి, వెలుగుతున్న వేలు మీగడకు తాకబోతున్నట్టు. మనుషుల కథ మొత్తం ఆ వేలి కొసన మొదలైంది.

పరిమాణాల మీద మరీ నమ్మకం పెట్టుకోకుండా ఒక మాట కూడా ఉంది. అంగుత్తర నికాయంలో సమచిత్త దేవతలు సూదిమొన మోపేంత చోటులో పదిమంది, ఇరవైమంది, అరవైమంది కూడా ఒకరికొకరు తగలకుండా నిలబడతారు. ఆనకట్ట పక్కన కాళ్లు గీసిన కాగితం పక్కనే, ఇంకో కాగితం మీద ఒక్క చుక్క పెట్టి ఉంచండి. రెండూ నిజమే అని పెట్టుకోండి.

అరూపలోకం నాలుగు భూములకు నాలుగు తెల్లకాగితాలు. పేర్లు మాత్రం కింద రాయండి: ఆకాశానంత్యం, విజ్ఞానానంత్యం, ఆకించన్యం, నైవసంజ్ఞానాసంజ్ఞం. ఒక్కో కాగితం ముందు అయిదేసి నిమిషాలు కూర్చోండి.

ఏడో అడుగు: బొమ్మ మూసేటప్పుడు

పాలి సంప్రదాయంలో దేవతానుస్మృతి అనే సాధన ఉంది. ఆరు అనుస్మృతుల్లో అది ఒకటి, గృహస్థుడైన మహానాముడికి బుద్ధుడు చెప్పింది. అందులో దేవతల రంగు, నగల ప్రసక్తే లేదు. చాతుర్మహారాజికులు ఉన్నారు, త్రయస్త్రింశులు ఉన్నారు, అని పైదాకా వరుసగా తలచుకోవడం. ఏ శ్రద్ధ, ఏ శీలం, ఏ శ్రుతం (విని నేర్చుకున్న ధర్మం), ఏ త్యాగం, ఏ ప్రజ్ఞ వల్ల వాళ్లు అక్కడ పుట్టారో, అది నాలోనూ ఉంది అని ఒక్కొక్కటీ చూసుకోవడం. ప్రతి రోజూ గీయడం అయ్యాక ఈ అయిదింటినీ వేళ్ల మీద లెక్కపెట్టండి. ఏదైనా ఒక వేలు దగ్గర ఆగిపోతే ఆ రోజుకు అక్కడే ఆగండి, అబద్ధంగా ముందుకు వెళ్లకండి. నేను చాలా రోజులు త్యాగం వేలు దగ్గరే ఆగాను.

ఇక వెనకవైపు ఖాళీగా ఉంచిన కాగితాలు. గయాశీర్షంలో చివరి ప్రశ్న గుర్తుందా: వీళ్లతో నేను ఇదివరకు కలిసి ఉన్నానా? మనకు పూర్వజన్మ జ్ఞానం లేదు, ఈ జన్మ జ్ఞాపకం ఉంది. ప్రతి బొమ్మనూ తిప్పి, ఆ ప్రాణితో మీరు ఎక్కడ కలిసి ఉన్నారో, ఏ రోజు, ఏ గదిలో, ఎవరి ఎదుట, ఒక్క వాక్యం రాయండి. తోచకపోతే ఖాళీగానే ఉంచి, తోచిన రోజు రాయండి. ఎవరికీ చూపించనక్కర్లేదు. నా దగ్గరున్న పందిమూతి బంగారు ప్రేతం వెనక ఒక తేదీ, మా తమ్ముడితో అన్న మాట ఒకటి ఉన్నాయి. ఆ కాగితం రాసిన రాత్రే వాడికి ఫోన్ చేశాను.